‘కాకపోతే’ దగ్గర కోసేసిన మాట

2007 ఫిబ్రవరి 11, ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మొఘల్‌పురాలో మా ఇంటి ముందుగది.

హాజరైనవారు: నేను. నా భార్య అనసూయ. మా అమ్మాయి సుజాత, బడిలో ఇంగ్లీషు చెబుతుంది. అనసూయ తమ్ముడు యాదగిరి, కిషన్‌బాగ్‌లో పాల వ్యాపారం. పక్కింటి ఖాదర్ భాయ్, గడియారాలు బాగుచేస్తాడు, నాకు పాత స్నేహితుడు.

తేల్చవలసిన విషయం ఒక్కటే. మర్నాడు ఉదయం నేను ఆస్పత్రికి వెళ్ళి ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా. ముందుముందు నన్ను రక్తం కడిగే యంత్రానికి కలపాలంటే చేతిలో రక్తనాళాన్ని ఇప్పుడే సిద్ధం చేసి ఉంచాలి. అది కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఇంకా జాగు చేస్తే, ప్రాణం మీదికి వచ్చిన రోజున మెడలో గొట్టం వేసి కలపాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అనసూయ, సుజాత వెళ్ళమన్నారు. యాదగిరి వద్దన్నాడు. ఖాదర్ భాయ్ ఇరువైపులా తల ఊపాడు. నేను ఏమీ అనలేదు.

నేను కోర్టులో నకళ్ళ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అసలు దస్తావేజును పక్కన పెట్టుకుని, నకలును మాట మాటా దానితో సరిచూసి, సరిగా ఉందని సంతకం పెట్టడం నా పని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ఈ సంగతులు వాటిలో చూసి రాస్తున్నవే. ఇప్పుడు ఆరోగ్యం కొంత కుదుటపడింది. కోపం తగ్గాక రాద్దామని చాలా రోజులు ఆగాను. అది తగ్గేలా లేదు కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

2005 వేసవి

పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు. మధ్యాహ్నానికి తగ్గేది. సాయంత్రానికి పాదాలు బరువెక్కి చెప్పుల పట్టీ ఒరుసుకునేది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. “రిటైరైనంక మంచిగ ఒళ్ళు చేసిన్రు సార్,” అని పాలు పోసే ఆమె అంది. ఖాదర్ భాయ్ నా బుగ్గలు చూసి, “క్యా రావ్ సాబ్, పెన్షన్ బాగ పట్టిందే మీకు,” అన్నాడు. నేను కూడా అద్దంలో చూసుకుని కాస్త సంతోషించిన మాట నిజం. సన్నగా పుట్టి సన్నగా బతికినవాణ్ణి. ముఖం నిండుగా కనబడితే ఎవరికి చేదు?

మూత్రంలో నురగ వచ్చేది. సబ్బు నురగలాగా నీళ్ళు పోసినా పోయేది కాదు. అనసూయకు చెబితే, “వేడి చేసింది,” అని బార్లీ నీళ్ళు కాచింది. రాత్రిళ్ళు పదేపదే లేవడం వయసు లక్షణం అన్నారు. ఒళ్ళంతా దురదపెడితే కొబ్బరినూనె రాసుకోమన్నారు. నోట్లో ఇనుపముక్క చప్పరించినట్టు ఉంటే పైత్యం అన్నారు. మోకాళ్ళ నొప్పులకు నేను చాలాకాలంగా మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని మింగుతున్నాను. వాటి సంగతి ఎవరూ అడగలేదు. షాపువాడు కూడా అడగలేదు.

చూడండి, ఒక్కొక్క లక్షణానికి మన దగ్గర ఒక్కొక్క చల్లని పేరు సిద్ధంగా ఉంది. ఒళ్ళు చేయడం, వేడి చేయడం, పైత్యం, వయసు. అన్నిటినీ ఒకచోట పెట్టి చూసేవాడు లేడు. అవన్నీ కలిస్తే మూత్రపిండాల జబ్బు కావచ్చు, ఒక రక్తపరీక్ష, ఒక మూత్రపరీక్ష, బీపీ చూడటం చాలు, తెలిసిపోతుందని మాకు ఎవరూ చెప్పలేదు.

2006 వానాకాలం

బస్సు కోసం నిలబడి కళ్ళు తిరిగి కూలబడ్డాను. పక్కనున్న దుకాణం ఆయన లోపల కూర్చోబెట్టి, నేను లేచేదాకా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పేరు అడగనైనా లేదు నేను. ఆ వారమే పరీక్షలు చేయించారు. డాక్టరమ్మ వయసులో మా సుజాత కంటే చిన్నది. కాగితాలు చూసి తలెత్తి నెమ్మదిగా చెప్పింది. రెండు కిడ్నీలూ సగానికి పైగా పని మానేశాయి. బీపీ ఎన్నాళ్ళ నుంచో పైకి తెలియకుండా దెబ్బ తీసింది. మోకాళ్ళ మాత్రలు దానికి తోడయ్యాయి.

“పోయింది తిరిగిరాదు సార్. ఉన్నది కాపాడుకోవచ్చు. బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. ఉప్పు తగ్గించండి. ఆ నొప్పి మాత్రలు ఇక ముట్టుకోవద్దు,” అంది.

ఉన్నది కాపాడుకోవచ్చు అన్న మాట మంచి మాటే. కానీ పోయింది తిరిగిరాదు అన్న మాట ముందు వచ్చింది. ఇంటికి వచ్చేదాకా నా చెవుల్లో అదే ఉంది.

ఆ తరువాత ఇల్లు ఇల్లులాగా లేదు. అనసూయ ఊరగాయ జాడీలు అటకెక్కించింది. ఉప్పు లేని పప్పు ముందు కూర్చుంటే నాకు కన్నీళ్ళు వచ్చేంత చిరాకు. ఒకరోజు కంచం తోసేశాను. ఆమె దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, ఆ చప్పిడి అన్నం తనే తింది. “మీ ఒక్కరికే కాదు, నాకు గూడ గిదే కూడు,” అంది. ఆ రోజు నుంచి కంచం తోయలేదు. ఆస్పత్రి హాలులో బెంచీల మీద మాలాంటివాళ్ళం గంటల తరబడి కూర్చునేవాళ్ళం. ఒకరి కాళ్ళు ఒకరం చూసుకునేవాళ్ళం, ముఖాలు చూసుకోవడానికి ధైర్యం లేక.

2006 దసరా తరువాత

యాదగిరి ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన కాగితాల కట్టతో వచ్చాడు. అతనికి నేనంటే ప్రాణం. అనసూయను చేసుకున్నప్పుడు చంకలో ఎత్తుకున్న పిల్లాడు. వాళ్ళ పెదనాన్న కొడుకు ఒకాయన, ఆఖరి ఘడియలో ఆస్పత్రికి వెళ్ళి, యంత్రం మీద రెండోసారికే చనిపోయాడు. అప్పటి నుంచి యంత్రమంటే యాదగిరికి చావే.

“బావా, డాక్టర్లు తిరిగిరాదన్నరు గద. వస్తదంట చూడు. ఒక్కటి గాదు, ఇన్ని కాగితాలల్ల అదే ఉన్నది. అందరు అబద్ధం చెప్తరా?”

కాగితాలన్నిటి సారాంశం ఒకటే. ఒక కేంద్రం వారి పొడి నీళ్ళలో కలిపి తాగాలి. కొబ్బరినీళ్ళు, కొత్తిమీర నీళ్ళు ఎంత తాగితే అంత మంచిది, అవి కిడ్నీలను కడుగుతాయి. ఇంగ్లీషు మందులన్నీ ఆపాలి, అవి విషం. కొద్ది వారాల్లో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టలేక రక్తంలో మిగిలే మలినం, మామూలుకు వస్తుంది. డయాలిసిస్ అనేది ఆస్పత్రులు ఆడే నాటకం. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే దానికి ఇంకొకసారి ప్రచారం చేసినట్టే.

సుజాత గొడవపడింది. నేను వినలేదు. తిరిగిరాదు అన్నవాళ్ళ కంటే తిరిగొస్తుంది అన్నవాళ్ళ మాట వినడానికి హాయిగా ఉంది, అంతకు మించి కారణం లేదు. పొడి వచ్చింది. బీపీ మాత్రలు ఆపాను. యాదగిరి పొద్దున్నే పాలు వేసి వస్తూ స్కూటర్ మీద కొబ్బరిబోండాలు తెచ్చి తనే కొట్టి ఇచ్చేవాడు.

మూడో వారమో నాలుగో వారమో ఆ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగల గొంతు. ఆ సంభాషణ సంగతి తరువాత చెబుతాను.

దీపావళి దాటాక కాళ్ళలో శక్తి పోయింది. మెట్టు ఎక్కలేను. పడుకుంటే ఊపిరి ఆడదు. గుండె తడబడుతూ కొట్టుకుంటోంది. ఖాదర్ భాయ్ దుకాణం షట్టర్ దించేసి ఆటో తెచ్చి నన్ను ఎత్తినట్టే ఎక్కించాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: “బీపీ మాత్రలు ఎవరు ఆపమన్నారు?” జవాబు సుజాత చెప్పింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

కిడ్నీలు బాగున్నవాడికి కొబ్బరినీళ్ళు మంచివే. అవి చెడినవాడికి వాటిలోని పొటాషియం బయటకు పోదు. రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుంది. ఇది ఆమె నాకు కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది. ఇంకొక మాట కూడా చెప్పింది. మనిషి తినక చిక్కిపోతే కండ తగ్గి క్రియాటినిన్ అంకె కొంత దిగుతుంది, దాన్ని చూపించి కిడ్నీలు బాగయ్యాయనడం మోసం. ఎన్నో రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాను. ఖాదర్ భాయ్ భార్య ఉప్పు లేకుండా సొరకాయ కూర వండి పంపేది. ఒకరోజు ఖాదర్ భాయ్ నాతోపాటు తిన్నాడు. రెండు ముద్దలకే ఆగి, “రావ్ సాబ్, ఇస్సే తో రోజా అచ్ఛా,” అన్నాడు. దీనికంటే ఉపవాసమే నయమట. ఆస్పత్రిలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ప్రాణం దక్కింది. కాపాడుకోవచ్చన్న ఆ మిగిలిన భాగంలో చాలా వరకు పోయింది. చేతికి ఆపరేషన్ అన్న మాట అప్పుడే మొదలైంది.

తిరిగి ఆ ఆదివారం

మీరు అడగవచ్చు, ఇంత జరిగాక కూడా యాదగిరి వద్దనడమేమిటని. అతను ఆ కేంద్రానికి ఫోన్ చేసి అడిగాడట. విషం ఒక్కసారిగా బయటపడటం వల్ల అలా అయింది, మధ్యలో ఆపకుండా ఉంటే ఈపాటికి లేచి తిరిగేవారు అన్నారట. వాళ్ళ దగ్గర ప్రతిదానికీ జవాబు ఉంటుంది. బాగైతే పొడి గొప్ప. చెడితే మన తప్పు.

“మెషిన్ల పెడితే మనిషి మళ్ళ మనకు దక్కడు అక్కా. నేను కండ్లార చూసిన,” అన్నాడు యాదగిరి.

“మెషిన్ల పెట్టకపోతే దక్కుతడా?” అంది అనసూయ. “ఆ పొడి తాగినంక ఎట్లయిండో నువ్వు చూడలేదా?”

యాదగిరి జేబులోంచి కొత్త కాగితం తీశాడు. “నిన్ననే తీయించిన. ఎవరికో బాగయిందని రాసిన్రంట, సెంటర్ల చెప్పిన్రు. ఇది చూస్తే నువ్వే పోవద్దంటవ్. సుజాతా, జర సదువు బిడ్డా, ఇంగ్లీషుల ఉన్నది.”

సుజాత చదువుతూ తెలుగులో చెప్పింది. “హైదరాబాద్ పాతబస్తీకి చెందిన పెద్దమనిషి. కోర్టులో పనిచేసి రిటైరైండు. రెండు కిడ్నీలు పాడైనయి. డయాలిసిస్ తప్పదని డాక్టర్లు చేతులెత్తేసిన్రు. మా పొడి వాడిన కొన్ని వారాలకే ఫోన్ చేసి, నేను బాగున్నానని సంతోషంగ చెప్పిన్రు...”

“సూసినవా బావా?” యాదగిరి ముఖం వెలిగిపోయింది. “మీ కోర్టాయననే. నీకు ఎర్కనే ఉంటడు. పోయి ఆయననే అడుగుదాం పా.”

నేను నిజంగానే ఆలోచించాను. మా కోర్టులో నాతోపాటు రిటైరైన వాళ్ళలో కిడ్నీ జబ్బు ఎవరికి ఉందా అని ఒక్కొక్కరి ముఖం గుర్తు చేసుకున్నాను.

“పేరు రాసిన్రా?” అని అడిగింది అనసూయ.

“పేరు లేదు. ఎన్. ఆర్. అని రాసిన్రు. మొఘల్‌పురా అని ఉన్నది.” సుజాత కాగితం ఒళ్ళో పెట్టుకుంది. “బాపూ, గిది నువ్వే.”

యాదగిరి కాగితం తీసుకుని, తనకు రాని ఇంగ్లీషులోకి చూస్తూ కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ మెల్లగా అన్నాడు: “రావ్ సాబ్, మీరు ఎప్పుడు బాగయిన్రు? మాకు చెప్పనే లేదు.”

అప్పుడు ఆ ఫోన్ గుర్తొచ్చింది. “ఎలా ఉన్నారు సార్?” అని అడిగాడతను. మన వైపు ఆ ప్రశ్నకు జవాబు ఒకటే. చావు ఇంట్లో కూర్చున్నా, ఎవరైనా ఎట్లున్నరంటే ముందు మంచిగనే ఉన్నమంటాం. అది జవాబు కాదు, మర్యాద. ఆ తరువాతే అసలు మాట మొదలవుతుంది. నేనూ అదే అన్నాను: “మంచిగనే ఉన్న బాబూ. కాకపోతే కాళ్ళ వాపు తగ్గలే. అన్నం పోతలే. నాలుగడుగులు ఏస్తే ఆయాసమొస్తున్నది.” దానికతను, “అదంతా విషం బయటకు పోవడమే సార్, భయపడకండి,” అని, ఏం ఉద్యోగం చేశారని అడిగాడు. కోర్టులో అని కొంచెం గర్వంగానే చెప్పాను.

కాకపోతే దగ్గర కోసేశారు. దానికి ముందున్న మర్యాద వాళ్ళు తీసుకున్నారు. తరువాతున్న జబ్బు నాకు వదిలేశారు. పైగా ఫోన్ చేసింది వాళ్ళు, నేను చేసినట్టు రాశారు. డయాలిసిస్ తప్పదని అప్పటికి ఏ డాక్టరూ అనలేదు, అదీ కలిపారు. నా ఉద్యోగమంతా ఇలాంటిది జరగకుండా చూడటమే. సాక్షి చెప్పిన వాంగ్మూలంలో ఒక్క వాక్యం వదిలేసి నకలు ఇస్తే, ఒకడి ఇల్లు ఇంకొకడికి పోతుంది. ఒక్క మాట వదిలేసిన నకలుకు నేను ఏనాడూ సంతకం పెట్టలేదు. నా మాటకే ఇట్లాంటి నకలు తయారుచేసి, దాని కింద నా పేరులోని అక్షరాలు పెట్టుకుని, ప్రపంచమంతా చదివేలా వేలాడదీశారు.

యాదగిరి తెచ్చిన పాత కాగితాలన్నీ తెప్పించి నేల మీద వరసగా పరిచాను. ఈ పని అవి మొదట వచ్చినప్పుడే చేయాల్సింది. వేరువేరు చోట్ల నుంచి వచ్చినవని మేము అనుకున్న వాటన్నిటిలోనూ ఒకే పేరా, ఒకే మాటలో ఒకే అక్షరం తప్పు. ఇంతమంది అబద్ధం చెబుతారా అని అడిగాడు కదా యాదగిరి. ఇంతమంది లేరు. ఒక్కడే చెప్పాడు, మిగతావాళ్ళు నకలు దించుకున్నారు.

సుజాత ఆ కాగితం మీది నంబరుకు ఫోన్ కలిపి నాకిచ్చింది. అదే మర్యాదగల గొంతు. నేనెవరో చెప్పాను.

“మీరు అన్నదే కదా సార్ రాశాం. అనలేదా?”

“అన్న. దాని తర్వాత అన్నది ఏది?”

“అవన్నీ రాస్తే ఎవరు చదువుతారు సార్?”

తీసేయమన్నాను. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. నేను ఆస్పత్రి పాలైన సంగతి చెప్పి, అది కూడా రాయమన్నాను. ఫోన్ పెట్టేశాడు.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఇంటర్నెట్‌లో ఎవరికో నయమైందని చదివితే, ఆ మనిషి ఎక్కడున్నాడని అడగండి. ఆ మాట అన్న తరువాత ఏమయ్యాడని అడగండి. రాసినవాడు దానికింద ఏదైనా అమ్ముతున్నాడా చూడండి. మీ మాత్రలు ఆపమన్నవాడిని అక్కడే వదిలేయండి. ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించడానికి మొహమాటపడకండి. నేను చూపించి ఉంటే ఆ కొబ్బరిబోండాలు నా గొంతు దిగేవి కావు. అన్నిటికంటే ముందు, డాక్టర్ ఎట్లున్నరంటే మంచిగున్నానని చెప్పకండి. ఆవిడ మర్యాద కోసం అడగడం లేదు.

యాదగిరి లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. “నా చేత్తోని కొట్టిచ్చిన బావా, ఒక్కొక్క బోండం,” అన్నాడు.

“పానం ఆగక తెచ్చినవ్ రా,” అంది అనసూయ. “ఆళ్ళు పైసలకు చేసిన్రు. నువ్వు, ఆళ్ళు ఒకటేనా?”

“పొద్దున ఎన్ని గంటలకు పోవాలె?” అని నేను అడిగాను. ఆ మధ్యాహ్నం ఆ విషయం మీద నేను అన్న మొదటి మాట అదే. యాదగిరి తనే తీసుకెళ్తానన్నాడు.

మర్నాడు ఉదయం

ఆస్పత్రి గేటు దగ్గర ఒక మనిషి, లోపలికి వెళ్ళేవాళ్ళ చేతుల్లో కరపత్రాలు పెడుతున్నాడు. నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. తెలుగులో ఉంది. పాతబస్తీ, కోర్టు, నేను బాగున్నాను. యాదగిరి అతని భుజం పట్టుకున్నాడు. నేనే విడిపించాను. అతను కూలికి పంచేవాడు, తిడితే ఇంకొకడు వస్తాడు.

హాలులో బెంచీ మీద నా పక్కన కూర్చున్నతను ధూల్‌పేట్ నుంచి వచ్చాడు. గణేశుల బొమ్మలు చేస్తాడట. గోళ్ళ సందుల్లో ఇంకా మట్టి ఉంది. అదే కరపత్రం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నాడు. నా చేతిలోది చూసి మాట కలిపాడు.

“సదివిన్రా పెద్దాయనా? ఈ సారు బాగయిండంట. ఇగ నేను గూడ ఈ లైన్ల కెళ్ళి లేసి పోదామనుకుంటున్న. మా దోస్తు ఆ పొడి తెచ్చిస్తనన్నడు.”

“ఆ సారు నేనే,” అన్నాను.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. “మీరెట్లయితరు? ఆయన బాగయిండు గద. మీరు ఆపరేషన్‌కి కూసున్నరు.”

“ఈయననే తమ్మీ,” అన్నాడు యాదగిరి. “నా బావ. ఆ పొడి తాపించింది నేనే. సావు దాకా పోయొచ్చిండు.”

అతను కొంచెం దూరం జరిగాడు. “ఆస్పత్రోళ్ళు పెట్టిన మనుషులా మీరు? గిట్ల అంటరని మా దోస్తు ముందే చెప్పిండు.”

నా మీద నేనే సాక్ష్యం చెబితే చెల్లలేదు. అచ్చులో ఉన్న నేను అతనికి నమ్మకస్తుణ్ణి. పక్కన కూర్చున్న నేను అబద్ధాలకోరును. ఆ క్షణంలో వచ్చినంత కోపం నాకు ముందు రోజు కూడా రాలేదు. దాన్ని అతని మీద చూపించి లాభం లేదు. ఇంకేమీ చెప్పకుండా వంగి, పంచె పైకి తీసి, కాలి ఎముక మీద బొటనవేలు గట్టిగా నొక్కి తీశాను. పిండిలో వేలు దించినట్టు గుంట పడింది. బాగున్న కాలికైతే అది వెంటనే నిండాలి; నాది పడింది పడినట్టే ఉండిపోయింది.

అతను చూశాడు. కాసేపు అటూ ఇటూ చూసి, తన ప్యాంటు పైకి లాక్కుని, మట్టి గోరుతో తన కాలు మీద నొక్కాడు. వేలు తీసి, ఆ గుంట నిండుతుందేమోనని తల వంచుకుని చూస్తూ ఉండిపోయాడు.

లోపలి నుంచి నా పేరు పిలిచారు. నేను లేచాను. యాదగిరి నా వెంట రాలేదు, నేను లేచిన చోట అతని పక్కన కూర్చున్నాడు.